పోస్టరు గీసిన చేతికీ మ్యూజియంలో చోటు కావాలి

సంపాదకుల వారికి,

ఫ్రేము కట్టి గ్యాలరీలో వేలాడదీసినది కళ, గోడకు అతికించినది వ్యాపారం అన్న విభజన మన దగ్గర ఎంతగా పాతుకుపోయిందంటే, జీవితమంతా పోస్టర్లు గీసినవారిని చిత్రకారులుగా లెక్కించడానికే చాలామంది సందేహిస్తారు. ఈ విభజన ఎంత అన్యాయమైనదో బ్రిటిష్ సముద్ర చిత్రకారుడు నార్మన్ విల్కిన్సన్ జీవితం చూస్తే తెలుస్తుంది. మన సాంస్కృతిక శాఖ ముందుకు రావలసిన ఒక పని కూడా ఉంది కనుక ఈ లేఖ రాస్తున్నాను.

1878లో కేంబ్రిడ్జిలో పుట్టిన విల్కిన్సన్ సౌత్‌సీలో చిత్రకళ నేర్చుకుని, చిన్న వయసులోనే 'ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్' పత్రికకు ఓడల బొమ్మలు గీయడం మొదలుపెట్టారు. టైటానిక్ ఓడలో మొదటి తరగతి స్మోకింగ్ రూములో వేలాడిన ప్లిమత్ రేవు చిత్రం ఆయనదే. 1912 ఏప్రిల్‌లో అది ఓడతో పాటే మునిగిపోయింది. అదే కాలంలో ఆయన రైల్వే కంపెనీలకు పోస్టర్లు కూడా గీస్తున్నారు. స్టేషన్ గోడల మీద ప్రకటన అంటే అక్షరాలూ చిన్నచిన్న బొమ్మలూ కిక్కిరిసి ఉండాలని అందరూ అనుకుంటున్న రోజుల్లో, ఒకే ఒక దృశ్యం, కింద నాలుగు మాటలు చాలునని కంపెనీని ఒప్పించినవారిలో ఆయన ముందువరసలో ఉన్నారు. 1924లో లండన్ మిడ్‌లాండ్ అండ్ స్కాటిష్ రైల్వే కోసం బ్రిటన్‌లోని ప్రముఖ కళాసంస్థ రాయల్ అకాడమీకి చెందిన చిత్రకారుల చేత పోస్టర్లు గీయించే ఏర్పాటు కూడా ఆయన చేతుల మీదుగానే జరిగింది. గ్యాలరీల్లో పేరున్నవారు రైల్వే ప్లాట్‌ఫారం మీదికి రావడానికి వెనుకాడలేదన్నది మనం గమనించాలి.

పోస్టరు చూపును పట్టి ఆపాలి. ఓడల మీద 1917లో ఆయన చేసిన పని చూపును తప్పుదారి పట్టించడం. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ సబ్‌మెరైన్లు బ్రిటిష్ వర్తక నౌకలను వరసగా ముంచుతున్న ఆ ఏడాది, సముద్రం మీద ఓడను పూర్తిగా కనిపించకుండా చేయడం సాధ్యం కాదని, నౌకాదళంలో పనిచేస్తున్న విల్కిన్సన్ గ్రహించారు. సబ్‌మెరైన్ కమాండరు పెరిస్కోపును కొద్దిసేపే నీటిపైకి తీసి, ఎదుటి ఓడ ఎటు, ఎంత వేగంతో పోతోందో అంచనా వేసి, టార్పెడో చేరేసరికి అది ఉండబోయే చోటికి గురిపెట్టాలి. ఆ అంచనాను చెడగొడితే చాలునన్నది ఆయన ఆలోచన. లండన్‌లో రాయల్ అకాడమీకి చెందిన గదుల్లో చిన్న చెక్క ఓడలు తయారుచేయించి, వాటి మీద నలుపు, తెలుపు, నీలం పట్టీలు అడ్డదిడ్డంగా వేసి, తిరిగే బల్ల మీద నిలబెట్టి, పెరిస్కోపులోంచి చూసి, ముక్కు ఎటుందో తికమకపెట్టిన నమూనాలనే ఎంచుకునేవారు. ఆ గదుల్లో పనిచేసినవారిలో ఆర్ట్ స్కూళ్ల నుంచి వచ్చిన యువతులే ఎక్కువ. 'డాజిల్' (కళ్లు మిరుమిట్లు గొలపడం) అని పేరుపడిన ఈ రంగులు యుద్ధం ముగిసేలోగా వేలాది ఓడల మీదికి ఎక్కాయి. నష్టాలు ఎంత తగ్గాయన్నది నౌకాదళ విచారణ కూడా అంకెల్లో తేల్చలేకపోయినా, నావికుల ధైర్యం పెరిగిందని ఒప్పుకుంది. ఈ పద్ధతిని కనిపెట్టిన ఘనత ఎవరిదన్న వివాదం 1922 నాటికి విల్కిన్సన్ పక్షాన తేలింది. సముద్రం మీద వెలుతురు ఎలా పడుతుందో ఏళ్ల తరబడి గమనించి, దూరం నుంచి చూసేవారి కంటికి ఏది ముందు అందుతుందో పోస్టర్ల వల్ల తెలుసుకున్న మనిషికి తప్ప ఈ ఊహ రావడం కష్టమని నా గట్టి నమ్మకం.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఆయన గీసిన 54 సముద్ర యుద్ధ చిత్రాలను దేశానికి కానుకగా ఇచ్చారు. అవి గ్రెనిచ్‌లోని నేషనల్ మారిటైం మ్యూజియంలో ఉన్నాయి. ఆయన రైల్వే పోస్టర్లనూ మ్యూజియంలు అంతే శ్రద్ధగా భద్రపరిచాయి. 1971లో ఆయన కన్నుమూశారు.

మన దగ్గర పరిస్థితి వేరు. సినిమా పోస్టరు ఆయుష్షు వారం, పది రోజులు; దాని మీదే మైదా జిగురు పూసి మరో సినిమా అతికిస్తారు. చేత్తో గీసిన బ్యానర్లు ఫ్లెక్సీలు వచ్చాక కనుమరుగయ్యాయి. గీసిన చేతులు వేరే పనులు వెతుక్కున్నాయి. ఈశ్వర్ వంటి డిజైనర్ల పేర్లయినా కొందరికి గుర్తున్నాయి గానీ, ఊరూరా థియేటర్ల ముందు నిలువెత్తు కటౌట్లకు రంగులు వేసిన పెయింటర్ల పేర్లు ఏ రికార్డులోనూ దొరకవు. వారిలో చాలామంది ఇప్పుడు వృద్ధులు. వారు ఉండగానే, వారి దగ్గరా, పాత ప్రింటింగ్ ప్రెస్సులు, పంపిణీదారుల గోదాముల్లోనూ మిగిలిన ఒరిజినల్ డిజైన్లను సేకరించి, గీసినవారి పేరుతో సహా నమోదు చేయించడం ప్రభుత్వానికి పెద్ద ఖర్చు కాదు.

ఆంధ్రా యూనివర్సిటీ ఫైన్ ఆర్ట్స్ విభాగం, హైదరాబాద్‌లోని ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం విద్యార్థులకు ఈ సేకరణను అప్పగిస్తే వారికీ చదువులో భాగమవుతుంది. సేకరించినవాటికి రాష్ట్ర మ్యూజియంలలో ఒక శాశ్వత గది కేటాయించాలని, తొలి విడతగా ఈ ఏడాదే జాబితా పని ప్రారంభించాలని రెండు రాష్ట్రాల సాంస్కృతిక శాఖలను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
విశాఖపట్నం