పెట్టె మీద పిల్లల బొమ్మ, లోపల పెద్దల కొలతలు: ఫ్యామిలీ క్యాంపింగ్ కిట్ మీద ఫిర్యాదు

వినియోగదారుల సేవా విభాగం అధికారి గారికి,
ప్రతి: ఉత్పత్తుల భద్రతా విభాగానికి

విషయం: నలుగురి కుటుంబానికని అమ్ముతున్న నేషనల్ పార్క్ క్యాంపింగ్ కిట్‌లోనూ, దానితో ఇచ్చిన ట్రిప్ ప్లానర్ పుస్తకంలోనూ ఉన్న లోపాలు, హెడ్‌ల్యాంపుల వాపసు, లేబుళ్ల సవరణ, డబ్బు తిరిగి చెల్లింపు కోరుతూ.

అయ్యా / అమ్మా,

మేము పిల్లలున్న కుటుంబాలకు క్యాంపింగ్ ఏర్పాట్లలో సాయపడే బృందం. మీ కిట్ కొని, అందులోని వస్తువులన్నీ విప్పి, కొలిచి, పుస్తకం మొదటి నుంచి చివరిదాకా చదివి ఈ ఉత్తరం రాస్తున్నాం. పెట్టె మీద ‘ఇద్దరు పెద్దలు, 4 నుంచి 10 ఏళ్ల పిల్లలు ఇద్దరు, రెండు రాత్రులు’ అని ఉంది. కుట్లు గట్టిగా ఉన్నాయి, జిప్పులు సాఫీగా నడుస్తున్నాయి. వాటి గురించి మాకు పేచీ లేదు. కానీ ఈ కిట్‌లో వేసిన ప్రతి అంకె పెద్దవాళ్లను దృష్టిలో పెట్టుకుని వేసినదే. పిల్లలు పెట్టె మీది బొమ్మలో తప్ప లోపల ఎక్కడా లేరు.

అన్నిటికంటే ముందు చూడవలసినవి పిల్లల హెడ్‌ల్యాంపులు. ఒక్కో దాంట్లో రెండు సీఆర్ 2032 బటన్ బ్యాటరీలు ఉన్నాయి. వెనక మూత గోటితో మీటితే ఊడిపోతోంది. దానికి స్క్రూ లేదు, రెండు చేతులతో నొక్కి తిప్పవలసిన తాళం లాంటిదీ లేదు. ఈ బ్యాటరీ 20 మిల్లీమీటర్ల వెడల్పుంటుంది, అంటే చిన్నపిల్లల అన్నవాహికలో ఇరుక్కునే సైజు. అక్కడి తడి తగలగానే కరెంటు ప్రవహించి, బ్యాటరీ రుణ ధ్రువం దగ్గర గాఢమైన క్షారం పుడుతుంది. అది రెండు గంటల్లోనే కండను తీవ్రంగా కాల్చగలదు. బ్యాటరీ పగిలి కారనక్కర్లేదు, వాడేసిన బ్యాటరీ అయినా ప్రమాదమే. బిడ్డకు ఊపిరి ఆడుతూనే ఉంటుంది కాబట్టి దగ్గో వాంతో జలుబో అనుకుని పెద్దవాళ్లు ఆగిపోతారు. ఊళ్లో ఉంటే ఆసుపత్రికి పరుగెత్తవచ్చు. అడవి మధ్య, ఫోన్ సిగ్నల్ లేని చోట ఆ రెండు గంటలు గేటు దాటేసరికే అయిపోతాయి. పెట్టె మీద గానీ ల్యాంపు మీద గానీ ఒక్క హెచ్చరిక లేదు. పైగా రెండు బ్యాటరీలను అదనంగా విడి ప్లాస్టిక్ సంచిలో వేసి పిల్లల ఈలల పక్కనే పెట్టారు. ఆ ఈలల తాడు కూడా మెడకు వేసుకునేదే. కొమ్మకు తట్టుకుని లాగితే దానంతట అది ఊడిపోయే కొక్కెం దానికి లేదు.

ఇక స్లీపింగ్ బ్యాగులు. పిల్లల బ్యాగు మీద ‘కంఫర్ట్ 5 డిగ్రీలు’ అని రాసి, పక్కన ఐఎస్ఓ 23537 అనే స్లీపింగ్ బ్యాగుల అంతర్జాతీయ ప్రమాణం పేరు ముద్రించారు. ఆ ప్రమాణం పిల్లల బ్యాగులకు వర్తించదని ప్రమాణంలోనే స్పష్టంగా ఉంది. బ్యాగు వెచ్చదనాన్ని కొలిచి, పిల్లలకు ఎంత చలి దాకా సరిపోతుందో చెప్పగల లెక్క ఇంతవరకు లేకపోవడమే అందుకు కారణం. ప్రమాణంలోని కంఫర్ట్ అంకె (హాయిగా నిద్రపట్టే చలి) సగటు వయోజన స్త్రీది, లిమిట్ అంకె (ముడుచుకుని పడుకుని తట్టుకోగల చలి) సగటు వయోజన పురుషుడిది. పిల్లల బరువుతో పోలిస్తే వాళ్ల చర్మం విస్తీర్ణం ఎక్కువ, అందుకే వేడి త్వరగా పోతుంది. 5 డిగ్రీలన్న అంకెను నమ్మి 6 డిగ్రీల రాత్రి ఆరేళ్ల బిడ్డను పడుకోబెట్టే తల్లిదండ్రుల తప్పేమీ లేదు, ఆ అంకె వేసిన మీదే తప్పు.

బ్యాగు పొడవు దీనికి తోడైంది. పిల్లల బ్యాగు, పెద్దల బ్యాగు రెండూ 190 సెంటీమీటర్లే, రంగు మాత్రం మార్చారు. 110 సెంటీమీటర్ల పిల్ల అందులో దూరితే కాళ్ల కింద 80 సెంటీమీటర్ల ఖాళీ గుహ మిగులుతుంది. ఆ గాలినంతా పిల్ల ఒంటి వేడే కాయాలి. కనీసం ఆ కింది భాగాన్ని మడిచి అడుగున దోపమనో, పాదాల కింద బెల్టుతో కట్టమనో పుస్తకంలో ఒక వాక్యం ఉండవచ్చు. అదీ లేదు. మ్యాట్ సంగతి ఇంకా కష్టం. ఒంటి బరువు కింద బ్యాగులోని దూది నలిగిపోతుంది కాబట్టి నేల చలిని ఆపేది మ్యాటే. మీ మ్యాట్ 8 మిల్లీమీటర్ల నురగ ముక్క. దాని మీద ఆర్ వాల్యూ, అంటే నేల చలిని ఎంత ఆపుతుందో చెప్పే అంకె, వేయలేదు. ఏఎస్‌టీఎం ఎఫ్ 3340 అనే పరీక్షా పద్ధతి 2018లోనే వచ్చింది, ఆ పరీక్ష చేయించి అంకె వేయడానికి అడ్డేమిటో చెప్పాలి. ఆ అంకె ఉంటే కొనేవాళ్లు లెక్క వేసుకోగలరు. ఒకదాని మీద ఒకటి పరిస్తే ఆర్ వాల్యూలు కూడుకుంటాయి, 1.5 మీద 2 వేస్తే 3.5 అవుతుంది. అంకే లేనప్పుడు ఏం కూడుకోవాలి?

టెంటు ‘నలుగురికి’ అన్నారు. నేల 210 బై 210 సెంటీమీటర్లు. మామూలు మ్యాట్ వెడల్పు 51 సెంటీమీటర్లు, నాలుగు పక్కపక్కన వేస్తే 204. మిగిలింది ఆరు సెంటీమీటర్లు. గోడలు లోపలికి వాలి ఉంటాయి కాబట్టి అంచున పడుకున్న వాళ్ల బ్యాగు గుడ్డకు తగులుతుంది. నలుగురి ఊపిరి తేమ రాత్రంతా ఆ గుడ్డ మీదే నీటి బొట్లవుతుంది, తెల్లారేసరికి బ్యాగు తడుస్తుంది. పిల్లలు నిద్రలో అడ్డంగా తిరుగుతారు, అర్ధరాత్రి లేచి బయటికి వెళ్లాలంటారు. బూట్లు, సంచులు పెట్టుకోవడానికి ముందు వసారా కూడా లేదు. అనుభవమున్న వాళ్లు నలుగురి కోసం ఆరుగురి టెంటు కొంటారు, కొత్తవాళ్లు మీ లేబుల్‌ను నమ్ముతారు. నేల కొలతను పెట్టె మీదే పెద్ద అక్షరాలతో వేసి, అందులో మ్యాట్లు పరిచిన బొమ్మ గీస్తే ఈ గొడవ ఉండదు.

అడుగు గుడ్డకూ పై గుడ్డకూ ఒకటే నీటి నిరోధక కొలత (ఎంత ఎత్తు నీటి ఒత్తిడిని గుడ్డ ఆపగలదో చెప్పే అంకె), 1500 మిల్లీమీటర్లు. పై గుడ్డకు అది చాలు. తడి నేల మీద పిల్లలు మోకాళ్ల మీద పాకితే అడుగు గుడ్డ మీద పడే ఒత్తిడి వాన ఒత్తిడి కంటే చాలా ఎక్కువ, నీళ్లు పైకి ఊరతాయి. అక్కడ 3000 అయినా ఉండాలి, లేదంటే కింద పట్టా వేసుకోవాలి. పుస్తకంలో పట్టా బొమ్మ ఉంది గానీ తప్పుగా ఉంది: టెంటు చుట్టూ జానెడు బయటికి పరిచి చూపించారు. అలా వేస్తే పై గుడ్డ మీంచి జారిన నీళ్లన్నీ పట్టా మీద పడి టెంటు కిందికే చేరతాయి. పట్టా అంచు టెంటు అడుగు కంటే లోపలికి ఉండాలి. ఇక మేకులు: టెంటుకు పన్నెండు కట్టు కొక్కేలుంటే ఇచ్చినవి ఎనిమిదే. లాగి కట్టే తాళ్లు ముదురు ఆకుపచ్చ రంగువి, చీకట్లో పరుగెత్తే పిల్లలకు కనబడవు.

స్టవ్ గురించి 9వ పేజీలో రాసిన మాటను వెంటనే చింపేయాలి. ‘వాన పడితే టెంటు లోపలే, తలుపు సగం తెరిచి వండుకోవచ్చు’ అని అచ్చు వేశారు. గ్యాస్ మంట నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, రంగు లేదు. గిన్నె అడుగు మంటను చల్లార్చి సగం కాలనిస్తే అది ఇంకా ఎక్కువగా వస్తుంది. తలుపు సగం తెరిస్తే అది బయటికి పోతుందని హామీ లేదు. తలనొప్పి, మగత వస్తే ప్రయాణ బడలిక అనుకుని పడుకుంటారు. ప్రాణాలు పోయేది అక్కడే. టెంటు గుడ్డకు నిప్పంటుకునే ప్రమాదం దీనికి అదనం. ఎంత వానైనా వంట బయటే, నాలుగు పక్కలా తెరిచి ఉన్న టార్పాలిన్ కింద చేయాలి. వండడం కుదరకపోతే ఆ పూటకు వండనక్కర్లేని తిండి దగ్గర ఉంచుకోవాలి.

టెంటులో వండే పరిస్థితికి జనాన్ని నెట్టేది కూడా మీ కిట్టే. ఇచ్చిన గ్యాస్ క్యానిస్టర్‌లో ఉన్నది ఉత్త బ్యూటేన్. అది మైనస్ 0.5 డిగ్రీల దగ్గర మరుగుతుంది, అంతకంటే చల్లబడితే ఆవిరి కాదు. పైగా గ్యాస్ బయటికి వస్తున్నకొద్దీ క్యానిస్టర్ తనంతట తానే చల్లబడుతుంది కాబట్టి 5 డిగ్రీల ఉదయం కూడా మంట పడిపోతుంది. మంట రాలేదని స్టవ్‌ను టెంటులోకి తెచ్చుకుంటారు. మైనస్ 42 దగ్గర మరిగే ప్రొపేన్‌ను, మైనస్ 12 దగ్గర మరిగే ఐసోబ్యూటేన్‌ను కలిపిన క్యానిస్టర్లు మార్కెట్‌లో ఉండగా దీన్ని ఎందుకు ఎంచుకున్నారు? గాలి అడ్డు రేకును స్టవ్ చుట్టూ పూర్తిగా చుట్టిన ఫొటో కూడా తీసేయండి. బర్నర్ కింద క్యానిస్టర్ బిగించే రకానికి అలా చుడితే వేడి కిందికి కొట్టి క్యానిస్టర్ పేలే ప్రమాదముంది.

నీటి ఫిల్టర్ ‘ఎలాంటి నీళ్లనైనా సురక్షితం చేస్తుంది’ అన్నారు. 0.2 మైక్రాన్ల రంధ్రాలు బ్యాక్టీరియానూ, జియార్డియా, క్రిప్టోస్పోరిడియం లాంటి పరాన్నజీవులనూ ఆపుతాయి. వైరస్‌లు వాటికంటే చాలా చిన్నవి, దాటిపోతాయి. పైన జన సంచారమున్న వాగు నీళ్లయితే వడకట్టాక మరిగించాలి: బాగా తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం, 2000 మీటర్ల ఎత్తు దాటితే మూడు నిమిషాలు. నీళ్లు శుద్ధి చేసే క్లోరిన్ డయాక్సైడ్ బిళ్లల కాగితం మీద 30 నిమిషాలు చాలని వేశారు. క్రిప్టోస్పోరిడియం చావడానికి నాలుగు గంటలు పడుతుంది. ఇంకొకటి, తడిసిన ఫిల్టర్ రాత్రి గడ్డకడితే లోపలి గొట్టాలు కంటికి కనబడకుండా చిట్లుతాయి, తర్వాత అది నీళ్లు పంపుతుంది గానీ క్రిములను ఆపదు. చలి రాత్రుల్లో దాన్ని స్లీపింగ్ బ్యాగులో పెట్టుకోమని రాయడానికి ఒక గీత చోటు చాలు.

ట్రిప్ ప్లానర్‌లో రెండో రోజు నడక 12 కిలోమీటర్లు, 600 మీటర్ల ఎక్కుడు, సమయం ‘3 గంటల 24 నిమిషాలు’. ఈ అంకె ఎక్కడిదో నడిచే వాళ్లందరికీ తెలుసు. గంటకు 5 కిలోమీటర్లు, ప్రతి 600 మీటర్ల ఎత్తుకు ఇంకో గంట. ఇది 1892 నాటి నైస్మిత్ సూత్రం. ఆరోగ్యంగా, ఆగకుండా నడిచే పెద్దవాళ్ల కోసం చేసినది. ఆరేళ్ల పిల్లలు ప్రతి రాయి దగ్గరా ఆగుతారు. వాళ్లను ఆగనివ్వాలి, అడవికి తీసుకెళ్లేదే అందుకు. చిన్నపిల్లలతో రోజుకు నాలుగైదు కిలోమీటర్లు చాలు. చేరవలసిన చోటు కాకుండా, వెనక్కి తిరగవలసిన సమయం ముందే రాసుకోవాలి. పన్నెండు కిలోమీటర్ల దారిలో సగంలో పిల్లలు చతికిలపడితే ముందుకైనా వెనక్కైనా అంతే దూరం.

మొదటి రోజు ‘సంధ్య వేళకు చేరి, వాగు ఒడ్డున చోటు చూసుకోండి’ అన్నారు. చాలా పార్కుల్లో చోటు ముందే బుక్ చేసుకోవాలి. దక్షిణాఫ్రికాలోని క్రూగర్‌లో క్యాంపు గేట్లు సాయంత్రం నిర్ణీత సమయానికి మూసేస్తారు, ఆలస్యమైతే జరిమానా. విడిగా టెంటు వేసుకోనిచ్చే చోట్ల కూడా నీటికి దాదాపు 60 మీటర్ల దూరం పాటించడం మంచిది. ఆకలితో ఉన్న పిల్లలతో చీకట్లో కొత్త టెంటు వేయడం ఎవరికీ చేతకాదు. సూర్యాస్తమయానికి రెండు గంటల ముందు చేరేలా ప్రయాణం వెనక నుంచి లెక్కవేయాలి, టెంటును ఇంటి దగ్గర ఒకసారి వేసి చూసుకోవాలి. ‘తిండి సంచి కారులో పెట్టి తాళం వేయండి’ అన్న సలహా కూడా అన్ని చోట్లా చెల్లదు. అమెరికాలోని యోసెమిటీలో చీకటి పడ్డాక కారులో తిండి ఉంచడం నిషేధం, అక్కడి ఎలుగుబంట్లు కారు తలుపులు విరిచేస్తాయి. అక్కడ ఇనుప పెట్టెల్లో పెట్టాలి. తిండితో పాటు టూత్‌పేస్టు, సబ్బు, తడి తుడుపు కాగితాలు, పిల్లల సీటు సందుల్లో పడిన బిస్కెట్ పొడి కూడా వాసన కొట్టేవే. పుస్తకం ఈ మాటే ఎత్తలేదు. దోమల మందు పాకెట్ మీద ‘సహజమైనది, ఏ వయసు వారికైనా’ అని ఉంది. అందులో ఉన్న లెమన్ యూకలిప్టస్ నూనెను మూడేళ్ల లోపు పిల్లలకు రాయకూడదు. నాలుగేళ్ల పిల్లకు చెల్లో తమ్ముడో ఉండడం వింతేమీ కాదు.

మేము కోరుతున్నవి ఇవి. హెడ్‌ల్యాంపులు, విడి బ్యాటరీలు ఉన్న కిట్ల అమ్మకం ఇవాళే ఆపాలి, అమ్మినవి వెనక్కి తీసుకుని స్క్రూ మూత ఉన్నవి ఇవ్వాలి. 9వ పేజీ తప్పని కొన్న ప్రతి ఒక్కరికీ సందేశం పంపాలి. మిగతా సవరణల కోసం దీన్ని ఆపకూడదు. పిల్లల బ్యాగు మీది ఉష్ణోగ్రత అంకెనూ ప్రమాణం పేరునూ తీసేయాలి. టెంటు లేబుల్, మ్యాట్ ఆర్ వాల్యూ, క్యానిస్టర్ రకం, మేకుల సంఖ్య, పుస్తకం తర్వాతి అచ్చు నాటికైనా మారాలి. ఆ పుస్తకం ముసాయిదాను పంపితే చదివి, తప్పులు గుర్తుపెట్టి పంపుతాం, దానికి రుసుమేమీ అడగం. మా కిట్‌ను వెనక్కి తీసుకుని పూర్తి సొమ్ము చెల్లించాలి.

బిల్లు నకలు, హెడ్‌ల్యాంపు మూత, బ్యాగు లేబుల్, టెంటు నేల కొలత, 9వ పేజీ ఫొటోలు జతచేశాం. హెడ్‌ల్యాంపుల విషయంలో మూడు రోజుల్లో, మిగతా వాటికి పదిహేను పనిదినాల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వగలరు. ఆ గడువు దాటితే ఇదే ఉత్తరాన్ని, ఇవే ఫొటోలతో, వినియోగదారుల భద్రతా అధికారులకు పంపుతాం.

ఇట్లు,
కుటుంబ క్యాంపింగ్ బృందం సభ్యులు

జతపరచినవి: బిల్లు నకలు, ఫొటోలు