మురుగునీటి శుద్ధి కేంద్రం (ఎస్టీపీ)లో నత్రజని, భాస్వరం తొలగింపుపై పురపాలక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారాలు.

ఎస్టీపీ నుంచి బయటికొచ్చే నీళ్లు తేటగా ఉంటాయి, సేంద్రియ మలినాల కొలత అయిన బీఓడీ రిపోర్టూ పాసవుతుంది. అయినా ఆ నీళ్లు కలిసే చెరువు పచ్చబడుతుంది, గుర్రపుడెక్క కమ్మేస్తుంది. మామూలు ఎస్టీపీని కట్టేది సేంద్రియ మలినాలు, మడ్డి తీయడానికే. నీళ్లలో కరిగి ఉన్న నత్రజని, భాస్వరం చాలావరకు అలాగే దాటిపోతాయి. నాచుకు అదే ఎరువు. నాచు చచ్చి కుళ్లేటప్పుడు ఆక్సిజన్ పడిపోయి చేపలు తేలతాయి.

అప్‌గ్రేడ్ అనగానే కొత్త స్థలం, పెద్ద టెండరు గుర్తొస్తాయి. ఉన్న ట్యాంకులతో ఎంత చేయొచ్చో ముందు తేల్చమని నా విన్నపం.

మీరు తనిఖీకి వెళ్లినప్పుడు సెకండరీ క్లారిఫయర్ (చివర్లో మడ్డి అడుగుకు దిగే ట్యాంకు) దగ్గర కాసేపు ఆగండి. ఎండాకాలంలో స్లడ్జ్ (బ్యాక్టీరియా నిండిన మడ్డి) గోధుమరంగు ముద్దలుగా పైకి తేలడం చాలా ప్లాంట్లలో కనిపిస్తుంది. కర్రతో కదిపితే బుడగలు వదిలి మళ్లీ మునుగుతుంది. ఆ బుడగలు నత్రజని వాయువు. దానికి ముందుండే, గాలి ఊదే ఏరేషన్ ట్యాంకులో కొన్ని బ్యాక్టీరియాలు అమ్మోనియాను నైట్రేటుగా మారుస్తాయి. క్లారిఫయర్ అడుగున ఆక్సిజన్ అందక, ఇంకొన్ని ఆ నైట్రేటునే వాడుకుని నత్రజనిని వాయువుగా వదిలేస్తాయి. అంటే మనకు కావలసిన పని జరుగుతూనే ఉంది, జరగకూడని చోట!

దాన్ని ఏరేషన్ ట్యాంకు మొదటి భాగానికి తేవాలి. అక్కడ అడ్డుగోడ కట్టి, గాలి ఆపి, మిక్సర్లు పెట్టి, చివరనున్న నైట్రేటు నీటిని పంపుతో వెనక్కి తిప్పాలి. వచ్చే మురుగులోని సేంద్రియ పదార్థమే ఆ బ్యాక్టీరియాకు తిండి. గ్రాము అమ్మోనియా నత్రజనిని నైట్రేటు చేయడానికి దాదాపు 4.57 గ్రాముల ఆక్సిజన్ కావాలి. ఆ నైట్రేటును ఇలా వాయువుగా మారిస్తే సుమారు 2.86 గ్రాములు కలిసొస్తాయి. గాలి ఊదే బ్లోయర్ల కరెంటు బిల్లు కట్టేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. అయితే గాలి అందే భాగం మరీ తగ్గితే అమ్మోనియా మిగిలిపోతుంది, కాబట్టి లెక్క వేయకుండా గోడ కట్టకూడదు.

భాస్వరానికి ఆలమ్ (పటిక) లేదా ఫెర్రిక్ క్లోరైడ్ వేయడం సులువైన దారి, కానీ రసాయనాల ఖర్చు ఏటా ఉంటుంది, స్లడ్జ్ పెరుగుతుంది. ఆక్సిజన్, నైట్రేటు రెండూ లేని భాగాన్ని ముందు పెట్టి, భాస్వరం దాచుకునే బ్యాక్టీరియాను పెంచుకుంటే రసాయనం తక్కువతో సరిపోతుంది.

అసలు పరిమితే లేకపోతే ఈ పనులు ఎవరూ చేయరు. యూరోపియన్ యూనియన్ 1991లోనే, నాచు బెడద ఉన్న జలాల్లోకి నీళ్లు వదిలే పెద్ద ప్లాంట్లకు లీటరుకు నత్రజని 10, భాస్వరం 1 మిల్లీగ్రాము అని లక్ష్యం పెట్టింది. మన అనుమతి పత్రాల్లోనూ ఈ రెండూ ఉండాలి.

టెండరు పిలిచే ముందు ఏడాది పాటు లోపలికొచ్చే, బయటికెళ్లే నీటిలో అమ్మోనియా, నైట్రేటు, మొత్తం భాస్వరం కొలిపించండి. స్లడ్జ్ పిండగా తిరిగొచ్చే నీటిని వదిలేయొద్దు, అందులో అమ్మోనియా చాలా ఎక్కువ. డిజైన్ ఖరారు చేసే సమావేశంలో షిఫ్టు ఆపరేటర్లను కూడా కూర్చోబెట్టండి. ఏ వాల్వు పనిచేయదో, ఏ గంటకు లోడు పెరుగుతుందో వాళ్లకే తెలుసు.

భవదీయుడు,
ఒక మురుగునీటి శుద్ధి ఇంజినీరు