క్రిస్టియన్‌స్టెడ్ పాత బజారులో మన ఏడాది: సభ్యులకు వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

పోయిన ఏడాది మన తెలుగు సంఘం సర్వసభ్య సమావేశంలో మనం ఒక మాట అనుకున్నాం, గుర్తుంది కదా. ఉగాదీ దసరా ఎలాగూ చేసుకుంటాం, కానీ ఇప్పుడు అమెరికా కింద ఉన్న ఈ కరీబియన్ దీవి సెయింట్ క్రోయ్‌లో ఇన్నేళ్ళుగా ఉంటూ క్రిస్టియన్‌స్టెడ్ పాత బజారుని కారు అద్దంలోంచి చూడటమే తప్ప దిగి నడిచినవాళ్ళం తక్కువ, అందుకని నెలకోసారి అక్కడ నడుద్దాం అని. ఈ నివేదిక ఎక్కువగా ఆ నడకల గురించే. పండగ ఫొటోలు అందరూ చూసేశారు, వాటి జోలికి వెళ్ళను.

మొదటి రెండు నెలలూ వచ్చింది నలుగురం. పిల్లలు రావడం మొదలుపెట్టాక వాళ్ళని దింపడానికి వచ్చిన పెద్దలూ ఉండిపోయారు. రేవు దగ్గర స్కేల్ హౌస్ ముందు కలుసుకునేవాళ్ళం. 1856లో కట్టిన ఈ భవనంలోనే రేవు సరుకుల్ని తూచేవారు. అక్కడి నుంచి కింగ్ స్ట్రీట్, కంపెనీ స్ట్రీట్ మీదుగా నడక. మేడ మీది గది ఫుట్‌పాత్ మీదకి వచ్చి ఉంటుంది, దాని కింద కమానుల వసారా, పక్కింటి వసారా, ఆ పక్కింటిది, అలా వీధి పొడవునా నీడే. 1747 నాటి కట్టడ నియమాల వల్లే ఊరంతా ఇలా ఒక తీరుగా ఉంది. జోరున వాన పడ్డ రోజు కూడా మనవాళ్ళు పెద్దగా తడవకుండా నడిచారు. ఒక పెద్దావిడ కాసేపు స్తంభానికి ఆనుకుని నిలబడి, మా ఊరి అరుగులు ఇలాగే చల్లగా ఉండేవమ్మా అన్నారు.

గోడల దగ్గరే మాకు ఎక్కువ సమయం పట్టేది. గార ఊడిన చోట సన్నటి పసుపు ఇటుకలు బయటపడతాయి. ఓడ నిలకడగా ఉండటానికి అడుగున బరువుగా వేసుకొచ్చిన ఇటుకలవి. సరుకు ఎక్కించుకోవడానికి వాటిని ఇక్కడ దింపితే ఊళ్ళో ఇళ్ళయ్యాయి. వాటి పక్కనే సముద్రంలోంచి కోసిన పగడపు రాయి. దాని మీద మెలికలు తిరిగిన గీతలు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. మన పిల్లల్లో ఒకడు ఆ గీత వెంటే వేలు పోనిస్తూ చివరిదాకా వెళ్ళి, ఇది ఒకప్పుడు బతికి ఉండేదా అని అడిగాడు. అవునన్నాక చెయ్యి తీసేశాడు.

ఇప్పుడు జరిగిన పొరపాటు చెప్పాలి. ఒక సందులో ఇంటివారి అనుమతి తీసుకుని, చందాలు వేసుకుని, వసారా స్తంభం ఒకటి బాగుచేయించాం. మేం కుదుర్చుకున్న మేస్త్రీ సిమెంటు పూశాడు, మేమూ బాగుందనుకున్నాం. వానలు పడ్డాక లోపల తేమ బయటికి రాలేక, ఉప్పు పొంగి, సిమెంటు పెచ్చుతో పాటు ఇటుక ముఖం కూడా ఊడి కింద పడింది. రెండువందల ఏళ్ళకు పైగా తుఫాన్లను తట్టుకున్న స్తంభం మా చేతుల్లో పాడయింది. ఇక్కడి పాత గోడలన్నీ పగడం, శంఖాలు కాల్చి తీసిన సున్నంతో కట్టినవి, వాటికి మళ్ళీ సున్నమే పడాలి. మనకి తెలియని సంగతా ఇది? గానుగ సున్నంలో బెల్లం నీళ్ళూ కరక్కాయ రసమూ కలిపి మేడలు కట్టుకున్న ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళం! సిమెంటంతా గీకించి, సున్నం పని తెలిసిన స్థానిక పెద్దాయనతో మళ్ళీ చేయించాం. ఇంటివారికి సంఘం తరఫున క్షమాపణ చెప్పాం.

ఊళ్ళోని పాత కోటకి మూడుసార్లు వెళ్ళాం. 1733లో డెన్మార్క్ కంపెనీ ఈ దీవిని ఫ్రాన్స్ దగ్గర కొన్నాక కట్టిన కోట అది. అమెరికా దేశ స్థాపకుల్లో ఒకరైన అలెగ్జాండర్ హామిల్టన్ తల్లిని బంధించింది అక్కడే. ఆ హామిల్టనే కుర్రవాడిగా ఈ ఊళ్ళో గుమాస్తాగా చేస్తూ, 1772 తుఫాను గురించి రాసిన ఉత్తరంతో పేరు తెచ్చుకుని చదువుకోవడానికి అమెరికా వెళ్ళాడు. పిల్లలకి ఈ కథ బాగా నచ్చింది.

కంపెనీ గిడ్డంగి ఆవరణ మాత్రం అందరినీ మౌనంగా నిలబెట్టేసింది. 1749లో కట్టినది. ఆ వాకిట్లో బానిసలుగా తెచ్చిన మనుషుల్ని వేలం వేశారు. చాలామందికి తెలియని ఇంకో సంగతి కూడా ఆ రోజు చెప్పుకున్నాం. కోరమాండల్ తీరంలో, అంటే మన తూర్పు తీరంలో, నేసిన నూలు బట్టలు, ఆఫ్రికా తీరంలో మనుషుల్ని కొనడానికి ఐరోపా వర్తకులు ఇచ్చిన సరుకుల్లో ఒకటి. ఆ బట్టల కోసం డెన్మార్క్ వాళ్ళు మన మచిలీపట్నంలోనూ 1620ల్లో వర్తక స్థావరం పెట్టారు. అంటే ఈ వాకిలికీ మన మగ్గాలకీ మధ్య దారం ఉంది. నేసినవాళ్ళకి తమ బట్ట ఎక్కడికి పోతోందో తెలిసి ఉండదు, మనకి తెలుసు కాబట్టి పిల్లలకి చెప్పే తీరాలి అని నా అభిప్రాయం. పండ్ల తోటలూ బీచ్‌లూ చూపించి ఇది దాటవేయకూడదు. ఆ తర్వాతి నెల ఇదే దీవిలోని ఫ్రెడరిక్‌స్టెడ్ కూడా వెళ్ళొచ్చాం, 1848 జూలై 3న బానిసలుగా ఉన్నవాళ్ళు పోరాడి స్వేచ్ఛ సాధించుకున్న ఊరు కదా.

ఒక విన్నపం. దుకాణంలోకి వెళ్ళగానే ధర అడక్కండి, ముందు గుడ్ మార్నింగ్ చెప్పండి. ఇక్కడ అది మర్యాద, చెప్పకపోతే నిజంగానే బాధపడతారు. మార్కెట్‌లో కూరలమ్మే ఆవిడ ఇప్పుడు మన పిల్లల్ని పేరుపెట్టి పిలుస్తోందంటే ఆ ఒక్క పలకరింపు వల్లే.

బాధగా ఉన్నదేమిటంటే, 2017 మరియా తుఫానుకి కప్పు ఎగిరిపోయిన ఇళ్ళు కొన్ని ఇంకా అలాగే ఉన్నాయి. లోపల చెట్లు మొలిచి మేడ కిటికీల్లోంచి కొమ్మలు బయటికొస్తున్నాయి. వారసులు ఎక్కడెక్కడో ఉంటారు, మరమ్మతు ఖర్చు తక్కువేమీ కాదు. మనం కట్టించలేం. కానీ వారానికొకసారైనా అక్కడ కాఫీ తాగి, కూరగాయలు కొంటే తెరిచి ఉన్న దుకాణాలైనా నిలబడతాయి.

జమాఖర్చులు కోశాధికారి గారు విడిగా పంపారు. స్తంభం పని రెండుసార్లు చేయించడం వల్ల నిధి దాదాపు ఖాళీ అయింది, అడిగితే లెక్క మొత్తం చూపిస్తాం.

వచ్చే ఏడాది ఫ్రీ గట్ వైపు నడుద్దాం అనుకుంటున్నాం, స్వేచ్ఛ పొందిన నల్లజాతివారు ఉండిన పేట అది. మొదటి నడక వచ్చే నెల మొదటి శనివారం పొద్దున ఏడింటికి, స్కేల్ హౌస్ దగ్గరే. టోపీ, నీళ్ళ సీసా తెచ్చుకోండి. సున్నం పూసిన స్తంభం కూడా దారిలోనే వస్తుంది, చూసి చెప్పండి.