యూఎస్‌బీ రాకపోతే ముందు క్లాకులు చూడాలి

సంపాదకుల వారికి నమస్కారం.

ఎంబెడెడ్ లైనక్స్ (చిన్న బోర్డులు, పరికరాల్లో నడిచే లైనక్స్) మీద మీ విద్యా అనుబంధంలో వచ్చే వ్యాసాలను ఇంజినీరింగ్ పిల్లలు బాగానే చదువుతున్నారు. అందుకే ఒక సలహా విషయంలో ఈ ఉత్తరం రాయాల్సి వస్తోంది. బోర్డు మీద యూఎస్‌బీ పని చేయకపోతే కేబుల్ మార్చాలని, పవర్ సప్లై చూడాలని, అప్పటికీ రాకపోతే బూట్ ఆర్గ్యుమెంట్లలో (లైనక్స్ మొదలయ్యేటప్పుడు దానికిచ్చే సూచనల్లో) ‘క్లాక్ ఇగ్నోర్ అన్‌యూజ్డ్’ చేరిస్తే సరిపోతుందని అందులో రాశారు. మొదటి రెండూ సరే. మూడోది రోగం ఎక్కడుందో చెప్పే పరీక్ష. దాన్నే మందుగా రాసిచ్చారు. కమాండ్లనూ ప్రాపర్టీల పేర్లనూ పలికే తీరులోనే రాస్తున్నాం. ఈ పని చేసేవాళ్లకు అసలు స్పెల్లింగ్ తెలుసు.

యూఎస్‌బీ కంట్రోలర్‌కి క్లాక్, అంటే సర్క్యూట్‌ని నడిపే పల్సుల సిగ్నల్, ఒక్కటే అనుకుంటారు చాలామంది. ఇప్పటి చిప్పుల్లో నాలుగైదు ఉంటాయి. ప్రాసెసర్ కంట్రోలర్ రిజిస్టర్లు (దాన్ని నడిపే లోపలి గళ్లు) చదవాలన్నా, డీఎంఏ (ప్రాసెసర్ ప్రమేయం లేకుండా మెమరీతో నేరుగా డేటా మార్పిడి) నడవాలన్నా బస్ క్లాక్ కావాలి. బోర్డు మీది క్రిస్టల్ నుంచి, ఎక్కువగా 19.2 లేదా 24 మెగాహెర్ట్జ్‌లో, రిఫరెన్స్ క్లాక్ వస్తుంది. వైర్ల మీద సిగ్నల్ నడిపే ఫై సర్క్యూట్‌లోని పీఎల్ఎల్ (క్లాక్ వేగాన్ని పెంచే సర్క్యూట్) దాన్ని 480 మెగాహెర్ట్జ్‌కి పెంచుతుంది. ఫై నుంచి కంట్రోలర్‌కి తిరిగొచ్చే యూటీఎంఐ (ఆ రెండింటి మధ్య ఇంటర్‌ఫేస్) క్లాక్ ఇంకొకటి. డేటా 8 బిట్ల వెడల్పైతే అది 60 మెగాహెర్ట్జ్, 16 బిట్లైతే 30. సిస్టమ్ పడుకున్నప్పుడు మేలుకొలుపు కనిపెట్టడానికి సస్పెండ్ క్లాక్ ఉంటుంది. పాత ఓహెచ్‌సీఐ రకం కంట్రోలర్‌కి 48 మెగాహెర్ట్జ్ విడిగా కావాలి. యూఎస్‌బీ ఫుల్ స్పీడ్ అంటే సెకనుకు 12 మెగాబిట్లు కదా, దానికి నాలుగు రెట్లన్నమాట. వీటిలో ఏది ఆగిందన్నదాన్ని బట్టి లాగ్‌లో లక్షణం మారుతుంది. బయటికి మాత్రం పెన్‌డ్రైవ్ రాలేదనే కనిపిస్తుంది.

ఇక ఆ ఆర్గ్యుమెంట్ సంగతి. యూ-బూట్ అనే బూట్‌లోడర్‌లో (లైనక్స్‌ని లోడ్ చేసే ప్రోగ్రాంలో) ‘యూఎస్‌బీ స్టార్ట్’ నడిచి ఉంటే చాలాసార్లు యూఎస్‌బీ క్లాకులు ఆన్‌లో ఉండగానే కెర్నెల్ (లైనక్స్ అసలు భాగం) మొదలవుతుంది. లైనక్స్ బూట్ చివర్లో, ఇనిట్‌కాల్స్ (డ్రైవర్లను సిద్ధం చేసే ఫంక్షన్లు) అన్నీ అయిపోయే చోట, ఏ డ్రైవరూ అడగని క్లాకులను వెతికి ఆపేస్తుంది. డివైస్ ట్రీలో (బోర్డు మీద ఏ హార్డ్‌వేర్ ఉందో కెర్నెల్‌కి చెప్పే ఫైలులో) ఒక క్లాక్ రాయడం మరిచిపోతే కథ ఇలా నడుస్తుంది: కంట్రోలర్ డ్రైవర్ కెర్నెల్‌లోనే కలిసి ఉంటే పెన్‌డ్రైవ్ మొదట కనిపించి, లాగిన్ ప్రాంప్ట్ వచ్చే లోపు మాయమవుతుంది. అదే డ్రైవర్‌ని మాడ్యూల్‌గా (తర్వాత లోడ్ చేసే విడి ఫైలుగా) కట్టి ఉంటే, అది లోడయ్యేసరికే క్లాక్ ఆగిపోయి ఉంటుంది కాబట్టి దాన్ని లోడ్ చేసే మోడ్‌ప్రోబ్ కమాండ్ దగ్గరే బోర్డు బిగుసుకుపోవచ్చు. అదే బోర్డును యూఎస్‌బీ నుంచి కాక ఎస్డీ కార్డు నుంచి బూట్ చేస్తే, యూ-బూట్ యూఎస్‌బీని ముట్టుకోకపోవచ్చు కాబట్టి, ఇంకో రకంగా ఉంటుంది. ‘నిన్న పని చేసింది, ఇవాళ చేయట్లేదు’ అనే ఫిర్యాదుల్లో చాలా వాటికి మూలం ఇక్కడే.

ఆ ఆర్గ్యుమెంట్ పెడితే కెర్నెల్ ఈ ఏరివేత మానేస్తుంది, అంతే. క్లాక్‌ని ఎవరైనా అడిగినట్టు లెక్క మాత్రం రాదు. దాని ఎనేబుల్ కౌంట్ (ఎన్నిసార్లు ఆన్ చేయమన్నారనే లెక్క) సున్నాగానే ఉంటుంది. అదే పీఎల్ఎల్ కింద ఉన్న ఇంకో డ్రైవర్ తన క్లాక్‌ని ఆన్ చేసి కాసేపటికి ఆపిందనుకోండి. తల్లి క్లాక్ కౌంట్ ఒకటికెక్కి మళ్లీ సున్నాకి దిగుతుంది, కెర్నెల్ పీఎల్ఎల్‌నే ఆపేస్తుంది. ఆర్గ్యుమెంట్ దీన్ని అడ్డుకోదు. ఐ.ఎంఎక్స్6 చిప్పుల్లో 480 మెగాహెర్ట్జ్ పీఎల్ఎల్3 యూఎస్‌బీది అంటారు గానీ, దాన్ని ఆరుతో భాగించిన 80 మెగాహెర్ట్జే యూఆర్ట్‌లకూ (సీరియల్ పోర్టులకూ) వెళ్తుంది. ఇలాంటి పంపకాలు ప్రతి చిప్పులోనూ ఉంటాయి. సస్పెండ్ అయి లేచాక పరిస్థితి ఇంకా దారుణం. బూట్‌లోడర్ ఆన్ చేసిన క్లాక్‌ని తిరిగి ఆన్ చేసేవాళ్లే ఉండరు.

కాబట్టి ఆర్గ్యుమెంట్ పెట్టి చూడండి, యూఎస్‌బీ వస్తే క్లాకుల్లో ఒకటి డివైస్ ట్రీలో లేదని తెలుసుకోండి, వెంటనే తీసేయండి. ఏ క్లాకో తేల్చడానికి డీబగ్‌ఎఫ్ఎస్ (కెర్నెల్ లోపలి వివరాలు చూపే ఫైల్ సిస్టమ్) మౌంట్ చేసి, దాని కింద క్లాక్ డైరెక్టరీలో ఉండే ‘క్లాక్ సమ్మరీ’ ఫైలు తెరవాలి. ఎనేబుల్ కౌంట్, ప్రిపేర్ కౌంట్, రేటు వరుసగా కనిపిస్తాయి. కొత్త కెర్నెల్స్‌లో హార్డ్‌వేర్ ఎనేబుల్ అనే వరస కూడా ఉంది. ఒక క్లాక్‌కి కౌంట్ సున్నా ఉండి హార్డ్‌వేర్ దగ్గర ‘వై’ ఉందంటే దాన్ని బూట్‌లోడర్ వదిలివెళ్లిందనో, రీసెట్ నుంచే అలా ఉందనో, ఆపే వీలే లేని క్లాక్ అనో అర్థం. ప్రశ్నార్థకం ఉంటే ఆ క్లాక్ డ్రైవర్‌కి హార్డ్‌వేర్ స్థితి చదివే సౌకర్యం లేదని. అప్పుడు చిప్ మాన్యువల్ చూసి రిజిస్టర్‌నే చదవాలి.

దొరికిన క్లాక్‌ని డివైస్ ట్రీలోని యూఎస్‌బీ నోడ్‌లో (యూఎస్‌బీ గురించిన భాగంలో) ‘క్లాక్స్’ వరసలో చేర్చి, ‘క్లాక్-నేమ్స్’లో అదే స్థానంలో దాని పేరు రాయాలి. పేరు మన ఇష్టం కాదు, బైండింగ్ డాక్యుమెంట్‌లో (ఆ హార్డ్‌వేర్‌కి డివైస్ ట్రీలో ఏం రాయాలో చెప్పే పత్రంలో) ఉన్నదే ఉండాలి. చాలా చిప్పుల్లో ఉండే డీడబ్ల్యూసీ3 యూఎస్‌బీ కంట్రోలర్‌కి ఆ పేర్లు ‘బస్ ఎర్లీ’, ‘రెఫ్’, ‘సస్పెండ్’. డ్రైవర్ క్లాక్‌ని తప్పనిసరిగా అడిగితే పేరు తప్పినప్పుడు మైనస్ 2 (దొరకలేదనే ఎర్రర్) వస్తుంది, ప్రోబ్ (డ్రైవర్ హార్డ్‌వేర్‌ని సిద్ధం చేసే దశ) ఆగిపోతుంది, తప్పు తెలిసిపోతుంది. మైనస్ 517 వస్తే కంగారుపడక్కర్లేదు, క్లాక్ ఇచ్చే డ్రైవర్ ఇంకా రాలేదని, తర్వాత మళ్లీ ప్రయత్నిస్తుందని. అది ఎప్పటికీ రాకపోతే డీబగ్‌ఎఫ్ఎస్‌లోనే ‘డివైసెస్ డిఫర్డ్’ ఫైలులో పేరు ఉండిపోతుంది. అసలు చిక్కు ఆప్షనల్ క్లాకులతోనే. ఆప్షనల్‌గా అడిగినప్పుడు పేరు దొరక్కపోతే డ్రైవర్‌కి ఖాళీ పాయింటర్ వస్తుంది. ఖాళీ పాయింటర్‌ని ఎనేబుల్ చేయమంటే కెర్నెల్ సున్నా, అంటే విజయం, తిరిగిస్తుంది. డీడబ్ల్యూసీ3 డ్రైవర్ డివైస్ ట్రీ బోర్డుల మీద ఇలాగే అడుగుతుంది. ‘రెఫ్’ బదులు ‘రిఫరెన్స్’ అని రాసిన బోర్డు ఫైలు ఒక్క హెచ్చరిక కూడా లేకుండా బూట్ అయిపోతుంది. డివైస్ ట్రీని స్కీమాతో (అందులో ఏం ఉండాలో చెప్పే నియమాలతో) చెక్ చేసే మేక్ టార్గెట్ (బిల్డ్ కమాండ్) కెర్నెల్‌లో ఉన్నది ఇందుకే. దాన్ని నడపకుండా ప్యాచ్ పంపేవాళ్లే ఎక్కువ.

ఆన్ చేసే వరస కూడా ముఖ్యం. ముందు రెగ్యులేటర్లు (వోల్టేజీ ఇచ్చేవి), తర్వాత క్లాకులు, తర్వాత రీసెట్ వదలడం, తర్వాత ఫై ఇనిట్, ఫై పవర్, చివరికి హోస్ట్ కంట్రోలర్‌ని కెర్నెల్‌లో నమోదు చేయడం. చిప్ మాన్యువల్ వేరే వరస చెబితే దాన్నే పాటించాలి. దారిలో ఎక్కడ తప్పినా, చేసినవన్నీ వెనక నుంచి ముందుకు విప్పుకుంటూ రావాలి. బస్ క్లాక్ లేకుండా రిజిస్టర్ ముట్టుకుంటే 32 బిట్ ఆర్మ్‌లో ‘ఎక్స్‌టర్నల్ అబార్ట్’ అనీ, 64 బిట్‌లో ‘ఎస్‌ఎర్రర్’ అనీ పడుతుంది. కొన్ని చిప్పుల్లో అదీ పడదు, బస్సే జవాబు రాక నిలిచిపోతుంది. లాగ్ చివరి లైను తర్వాత నిశ్శబ్దం ఉంటే ముందు ఈ అనుమానమే రావాలి. క్లాక్ ఆన్ చేయడంలో ప్రిపేర్, ఎనేబుల్ అని రెండు ముక్కలెందుకని అడుగుతుంటారు. పీఎల్ఎల్ లాక్ అయ్యేదాకా నిద్రపోతూ ఆగగలిగే పని ప్రిపేర్‌లో జరుగుతుంది. స్పిన్‌లాక్ (పట్టుకున్నంతసేపూ నిద్రపోకూడని తాళం) పట్టుకుని కూడా చేయగలిగే గేట్ బిట్ పని ఎనేబుల్‌లో. నిద్రపోకూడని ఇంటరప్ట్ హ్యాండ్లర్ నుంచి ప్రిపేర్ పిలిస్తే కెర్నెల్ ఊరుకోదు.

బయట విడిగా యూఎల్‌పీఐ (తక్కువ పిన్నుల ఇంటర్‌ఫేస్) ఫై చిప్పు ఉన్న బోర్డుల్లో ఇంకో మెలిక ఉంది. మన కాలేజీ ల్యాబుల్లో కనిపించే జింక్-7000 బోర్డులు ఈ రకమే. ఇక్కడ 60 మెగాహెర్ట్జ్ క్లాక్ సాధారణంగా ఫై నుంచే కంట్రోలర్‌కి వస్తుంది. ఫైని రీసెట్‌లో ఉంచే జీపీఐఓ పిన్నుని వదలకపోతే కంట్రోలర్‌కి ఆ క్లాకే లేదు. అప్పుడు సాఫ్ట్ రీసెట్ బిట్ ఎప్పటికీ క్లియర్ అవదు, మైనస్ 110 (గడువు దాటిందనే ఎర్రర్) వస్తుంది. కెర్నెల్ క్లాక్ ట్రీ ఎంత వెతికినా ఇందులో ఏమీ దొరకదు, ఆ క్లాక్ పిన్ను మీద ఆసిలోస్కోప్ ప్రోబ్ పెట్టాల్సిందే.

క్లాక్ ఆన్‌లో ఉన్నా రేటు తప్పుగా చెబితే? దీని గురించి ఎవరూ రాయరు కాబట్టి కాస్త వివరంగా. హై స్పీడ్‌లో (సెకనుకు 480 మెగాబిట్లు) మైక్రోఫ్రేమ్, అంటే బస్ సమయాన్ని పంచే ముక్క, 125 మైక్రోసెకన్లు. డీడబ్ల్యూసీ3లో ఈ లెక్క రిఫరెన్స్ క్లాక్ మీద నడిచేలా పెట్టినప్పుడు, ఒక పల్స్ ఎన్ని నానోసెకన్లో పూర్ణ సంఖ్యలో కంట్రోలర్‌కి చెప్పాలి. 24 మెగాహెర్ట్జ్‌కి అసలు విలువ 41.667, రాయగలిగేది 41. కంట్రోలర్ 125000ని 41తో భాగించి అన్ని పల్సులు లెక్కపెడుతుంది, మైక్రోఫ్రేమ్ 127 మైక్రోసెకన్లు అవుతుంది. ఈ తేడా దిద్దడానికే ఫ్రేమ్ లెంగ్త్ అడ్జస్ట్‌మెంట్ రిజిస్టర్ ఉంది. 125000ని 100 కోట్లతో గుణించి, రేటునూ 41నీ గుణించగా వచ్చిన దానితో భాగించి, 125000 తీసేస్తే 2032 వస్తుంది. అదే అందులో రాయాల్సిన విలువ. 19.2 మెగాహెర్ట్జ్ అయితే పల్స్ 52, దిద్దుబాటు 200. 2022 నుంచి మెయిన్‌లైన్ (అధికారిక లైనక్స్) డ్రైవర్ ‘రెఫ్’ క్లాక్ రేటు చూసి ఇవన్నీ తానే లెక్కేసుకుంటోంది. ‘రెఫ్’ ఇవ్వని బోర్డు ఫైలులో, పాత వెండర్ (చిప్ కంపెనీ ఇచ్చే) కెర్నెల్స్‌లో ఆ సౌకర్యం ఉండదు. 19.2 బోర్డు నుంచి 52 అనే విలువను 24 బోర్డుకి కాపీ కొడితే మైక్రోఫ్రేమ్ 100 మైక్రోసెకన్లకు కుంచించుకుపోతుంది. ఇలా ఫ్రేమ్ లెక్క తప్పినప్పుడు బల్క్‌లో (కచ్చితమైన సమయం అక్కర్లేని పద్ధతిలో) నడిచే పెన్‌డ్రైవ్ నెట్టుకు రావచ్చు. టైమింగ్ మీదే బతికే వెబ్‌క్యామ్, యూఎస్‌బీ సౌండ్ కార్డు దగ్గర తెగిపోవడం బయటపడుతుంది. అప్పుడు తప్పంతా ఆడియో డ్రైవర్ మీదికి పోతుంది!

రేటు మార్చాల్సి వస్తే డ్రైవర్‌లో సెట్ రేట్ పిలవడం కన్నా డివైస్ ట్రీలో ‘అసైన్డ్ క్లాక్ రేట్స్’ రాయడం మేలు, ప్రోబ్‌కి ముందే అమలవుతుంది. ఎలా చేసినా వచ్చిన రేటును తిరిగి చదివి చూడాలి. అడిగినదానికి దగ్గర్లో హార్డ్‌వేర్ ఇవ్వగలిగిందే వస్తుంది.

పిల్లల ప్రాజెక్టుల్లో ఎక్కువగా కనిపించే ఎస్‌టీఎం32 బోర్డుల మీద సాధారణంగా లైనక్స్ నడపరు గానీ, జెఫర్ లాంటి చిన్న కెర్నెల్‌లో ఇదే సమస్య ఇంకా తేటగా కనిపిస్తుంది. వాటిలో ఎఫ్407 మోడల్ మీద 8 మెగాహెర్ట్జ్ క్రిస్టల్‌కి పీఎల్ఎల్‌లో ఎం 8, ఎన్ 336, పీ 2, క్యూ 7 పెడితే (ఎం విలువతో భాగించి ఎన్‌తో గుణిస్తారు, దాన్ని పీతో భాగించింది ప్రాసెసర్‌కి, క్యూతో భాగించింది యూఎస్‌బీకి) ప్రాసెసర్‌కి 168, యూఎస్‌బీకి సరిగ్గా 48 వస్తాయి. ఎఫ్429 మీద 180 కావాలని ఎన్ 360 పెడతారు. 360ని 7తో భాగిస్తే 51.43, 8తో భాగిస్తే 45. ఫుల్ స్పీడ్‌కి అనుమతి ఉన్న తేడా 0.25 శాతమే, కాబట్టి రెండూ పనికిరావు. అక్కడ 168కి దిగాలి. ఎఫ్446లో అయితే 48ని ఇంకో పీఎల్ఎల్ నుంచి తీసుకోవచ్చు. ఎఫ్411లో 100 వదిలి 96 పెట్టుకోవాలి, అప్పుడు 192ని 4తో భాగిస్తే 48. ఎఫ్411తో వచ్చే బ్లాక్ పిల్ బోర్డు మీద క్రిస్టల్ 25 మెగాహెర్ట్జ్, 8 కాదు. ఇది తప్పితే సీరియల్ కన్సోల్ కూడా చెత్త అక్షరాలు చూపిస్తుంది, అదే గుర్తు. ఒక శాతం తేడా ఉండే, క్రిస్టల్ లేకుండా చిప్‌లోనే క్లాక్ ఇచ్చే ఆర్‌సీ ఆసిలేటర్‌తో ఫుల్ స్పీడ్ నడపాలని చూడకూడదు. హోస్ట్ పంపే ఫ్రేమ్ సిగ్నల్ చూసి తనను తాను దిద్దుకునే సర్క్యూట్ ఉన్న మోడళ్ల సంగతి వేరు.

హై స్పీడ్‌కి తేడా ఇంకా తక్కువ, 0.05 శాతం. లో స్పీడ్ డివైస్‌కి 1.5 శాతం దాకా ఉంటుంది. లో స్పీడ్ కీబోర్డు పని చేస్తూ పెన్‌డ్రైవ్ దగ్గర మైనస్ 71 పడుతుంటే కేబుల్‌తో పాటు రిఫరెన్స్ క్లాక్‌నీ కొలిచి చూడాలి. మైనస్ 71 అంటే జవాబు తప్పుగా వచ్చింది, లేదా బస్ మీద రావాల్సిన వేళకు రాలేదు; మైనస్ 110 అంటే పెట్టిన గడువులోపు పని పూర్తవలేదు.

వచ్చే వ్యాసంలో ఆ సలహాకి సవరణ వేయగలరని కోరుతున్నాం. దానితో పాటు ఈ పరీక్ష కూడా చేర్చండి: ఆర్గ్యుమెంట్ తీసేసి, పవర్ పూర్తిగా పీకి పెట్టి, యూ-బూట్‌లో యూఎస్‌బీ ముట్టుకోకుండా ఎస్డీ కార్డు నుంచి బూట్ చేయాలి. పెన్‌డ్రైవ్ కాపీ నడిపాక ఒకసారి సస్పెండ్ చేసి లేపి, మళ్లీ కాపీ నడపాలి. రెండుసార్లూ క్లాక్ సమ్మరీ సేవ్ చేసి డిఫ్ (రెండింటి తేడా) తీసి చూడాలి. యూఎస్‌బీ క్లాకుల కౌంట్లలో తేడా ఉంటే డ్రైవర్ ఎక్కడో ఎనేబుల్‌కి డిసేబుల్ జత కుదర్చలేదని అనుమానించాలి.

ఇట్లు,
ఎంబెడెడ్ లైనక్స్ మీద పనిచేసే కొందరు ఇంజినీర్లు,
హైదరాబాద్