జులై కయాక్ ట్రిప్ రద్దు చేశాను, ఎందుకో పూర్తిగా చెబుతాను

కెనడాలో వాంకూవర్ దీవి పడమటి తీరాన ఉన్న బ్రోకెన్ గ్రూప్ దీవుల్లో జులైలో పెట్టుకున్న మూడు రోజుల కయాక్ (తెడ్డుతో నడిపే సన్నని పడవ) ట్రిప్ రద్దు చేశాను. అదే తీరంలోని టోఫీనో ఊరి నుంచి మియర్స్ దీవికి వేసే పూట ప్రయాణం కూడా ఈ సీజన్‌లో కయాక్ మీద ఉండదు. ఏళ్ల తరబడి సర్రీ నుంచి, సియాటిల్ నుంచి పిల్లాపాపలతో వస్తున్నవాళ్లు మీరు. ఒక్క ముక్క మెసేజ్ పెట్టి ఊరుకోవడానికి మనసొప్పలేదు.

ఇద్దరు కూర్చునే పాత డబుల్ కయాక్‌లు అరిగిపోయాయని చలికాలంలోనే కొత్తవాటికి ఆర్డర్ ఇచ్చి సగం డబ్బు కట్టాను. ఏప్రిల్‌కల్లా ఇస్తామన్నవాళ్లు జూన్‌లో దించారు. ఆలస్యానికి నేనేమీ అనలేదు. పెరట్లో రెండు బల్లల మీద ఒక పడవను ఎక్కించి, వెనక అర మూత తీసి, గొట్టంతో నీళ్లు పట్టాను. టీ తాగి వచ్చేసరికి సీటు వెనక అడ్డగోడ అంచున, ఎడమ మూలలో, నీటి బొట్లు వరసగా నిలిచి ఉన్నాయి. వేలితో తుడిచాను. చూస్తుండగానే మళ్లీ వచ్చాయి. మిగతా పడవలన్నీ అలాగే పట్టి చూశాను. అన్నీ అంతే.

సముద్రంలో తిరిగే కయాక్‌కి ముందూ వెనకా గాలి అరలు ఉంటాయి. పడవ బోల్తా పడ్డా తేలుతూ, మనిషి పట్టుకుని తిరిగి ఎక్కేదాకా నిలబడేది వాటివల్లే. అరలోకి నీరు చేరితే తోక మునుగుతుంది, ఇక ఎక్కడం, ఎక్కించడం రెండూ కష్టమే. ఇక్కడ బయటి సముద్రం వేసవిలో కూడా 14, 15 డిగ్రీల దగ్గరే ఉంటుంది. అంత చల్లని నీళ్లలో కాసేపటికే వేళ్లు పట్టు తప్పుతాయి.

అమ్మినవాళ్లకి ఫోన్ చేస్తే, "సీలెంట్ పూసుకోండి, అందరూ చేసేదే" అన్నారు. పాత పడవలో ఒక అతుకు వదిలితే నేనూ పూస్తాను. కొత్తగా వచ్చిన ప్రతి పడవలోనూ గోడ సరిగ్గా కూర్చోలేదంటే అది పూతతో పోయే పని కాదు. టెంట్లూ సామానూ వేసి బరువెక్కించగానే మళ్లీ విచ్చుకుంటుంది. చివర్లో ఇంకో మాట అన్నారు: "మీవాళ్లు ఎలాగూ ఒడ్డు దాటి పోరు కదా." ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది. మీలో ఎంతమంది బ్రోకెన్ గ్రూప్‌కి వెళ్లే దారిలోని లౌడన్ చానెల్ సొంతంగా తెడ్డు వేసి దాటారో వాళ్లకేం తెలుసు? పడవలన్నీ వెనక్కి పంపేశాను. కట్టిన డబ్బు ఇంకా రాలేదు.

అద్దె పడవల కోసం తిరిగాను. జులైకి మంచివి అప్పటికే బుక్ అయిపోయాయి. దొరికినవి చెరువుల్లో తిప్పే పొట్టి కయాక్‌లు, వాటికి అరలే ఉండవు. మియర్స్ దారిలో అలలు పెద్దగా ఉండవు, నిజమే. కానీ పోటు తీసే వేళ దీవుల సందుల్లో నీరు ఏరులా ఉరుకుతుంది. బ్రోకెన్ గ్రూప్ వైపు మధ్యాహ్నం దాటితే పడమటి గాలి లేస్తుంది. వద్దనుకున్నాను.

వద్దనుకోవడం తేలిగ్గా జరగలేదు. గుంటూరు నుంచి వచ్చిన ఒక పెద్దాయన మియర్స్ దీవి చెట్లు చూడాలని ఆశపడ్డారు. వాళ్లమ్మాయి ఫోన్‌లో, "అన్నయ్యా, నాన్న మళ్లీ వస్తారో రారో. పాత పడవలోనైనా తీసుకెళ్లు" అంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పాతవాటిలో బాగున్నది ఒకటైనా ఉందేమోనని టార్చి పట్టుకుని వెళ్లి వెతికాను కూడా. తెల్లారాక ఆమెకి కుదరదనే చెప్పాను. ఇంకొకాయన, "ఉప్పాడలో పుట్టి సముద్రమంటే భయమేమిటి?" అన్నారు. ఉప్పాడలో పుట్టాను కాబట్టే పడవలో నీళ్లు ఊరుతున్నాయని తెలిసి మనుషుల్ని ఎక్కించను. ఈ విషయంలో ఎవరు ఎంత చెప్పినా వినను.

పెద్దాయన్ని వాటర్ టాక్సీలో మియర్స్‌కి తీసుకెళ్తున్నాను. మీలో ఎవరైనా రావచ్చు. దిగగానే చెక్కబాట మొదలవుతుంది, వెయ్యేళ్లు దాటిన ఎర్ర దేవదారుల దాకా తీసుకెళ్తుంది. ఒరిగిపోయిన మాను మీదే నాచు పట్టి, దాని మీద కొత్త మొక్కలు వరసగా లేచి ఉంటాయి. ఈ దీవి చెట్లని నరకనివ్వబోమని ఇక్కడి ఆదివాసులు త్లా-ఓ-క్వి-ఆట్ జనం 1984లో దీన్ని తమ ట్రైబల్ పార్కుగా ప్రకటించారు. ఈ దీవి చుట్టుపక్కలున్న క్లాక్వాట్ సౌండ్ అడవుల కోసం 1993లో చెట్లు నరికేవాళ్ల దారులకి అడ్డం నిలబడి 800 మందికి పైగా అరెస్టయ్యారు. మనం చూడటానికి ఆ చెట్లు మిగిలాయంటే వాళ్ల వల్లే. అందుకే త్లా-ఓ-క్వి-ఆట్ వాళ్లకిచ్చే వాటాలో ఈసారి కూడా పైసా తగ్గించడం లేదు.

కయాక్ బదులు నడక ట్రిప్ పెడుతున్నాను. యుక్లూలెట్ ఊళ్లో గదులు అవే, తేదీలు అవే. వైల్డ్ పసిఫిక్ ట్రెయిల్‌లో లైట్‌హౌస్ చుట్టు 2.6 కిలోమీటర్లు, పెద్దవాళ్లు కూడా హాయిగా నడుస్తారు. లాంగ్ బీచ్‌లో ఒక పూటంతా గడుపుదాం. రెయిన్‌ఫారెస్ట్ ట్రెయిల్‌కి మాత్రం పట్టున్న బూట్లు తెచ్చుకోండి, చెప్పులతో వస్తే దింపను. ఇక్కడ ఏడాదికి 3,000 మిల్లీమీటర్లకి పైగా వాన పడుతుంది, బాట చెక్కలు ఎప్పుడూ తడిగానే ఉంటాయి.

నడక ట్రిప్‌కి వస్తారా, డబ్బు వెనక్కి కావాలా, శుక్రవారంలోగా మెసేజ్ పెట్టండి. ఎవరికీ ఒక్క డాలర్ పట్టుకోను, నా డబ్బు పడవలు అమ్మినవాళ్ల దగ్గర ఇరుక్కున్నా సరే. కొత్త కయాక్‌లు వేరే చోట చెప్పాను. వాటిలోనూ నీళ్లు పట్టి చూశాకే తేదీలు ప్రకటిస్తాను. అప్పటిదాకా కయాక్ బుకింగ్ అడగొద్దు.