పేరు చెప్పని సానపట్టే పెద్దాయనకు కృతజ్ఞతలు

ఐస్ రింకులో స్కేట్లకు సాన పడుతూనే, ఐస్ హాకీ డ్రాఫ్టులో (జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే పద్ధతి) ఎవరూ ఎంచుకోని కుర్రాళ్ల దారి ఎలా ఉంటుందో ఓపిగ్గా విడమరిచి చెప్పారు. పేరడిగితే నవ్వి ఊరుకున్నారు. పెద్దాయనా, మా అందరి నమస్కారాలు.

ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగు ఎన్‌హెచ్‌ఎల్ డ్రాఫ్టులో 7 రౌండ్లు, 32 జట్లు, మొత్తం 224 పేర్లు. అందులో లేనంత మాత్రాన పనైపోదనడానికి మీరు చూపిన మనిషి డస్టిన్ పెన్నర్. కెనడాలో మానిటోబా రాష్ట్రంలోని వింక్లర్ అనే చిన్న ఊరివాడు. అమెరికాలోని నార్త్ డకోటాలో ఓ చిన్న కాలేజీ, ఆపైన మెయిన్ రాష్ట్రపు విశ్వవిద్యాలయం, 2004లో అనహైమ్ జట్టుతో సంతకం, 2007లో ఆ లీగు విజేతలకిచ్చే స్టాన్లీ కప్!

సంతకం చేసే వయసును బట్టి మొదటి ఒప్పందం మారుతుందన్న లెక్క బాగా పనికొచ్చింది. 18–21 ఏళ్లకైతే మూడేళ్లు, 22–23కి రెండు, 24కి ఒక్కటే. కాలేజీ ముగించి ఆలస్యంగా వచ్చినవాడు కొత్త జీతానికి త్వరగా బేరం ఆడొచ్చు.

ఇక మీ అసలు విద్య. బ్లేడు అడుగున గాడికి అర అంగుళం వ్యాసార్థం మామూలు. ఒళ్లు బరువున్నవాడికి 5/8 అంగుళం, అంటే లోతు తక్కువ గాడి, నయం. గాడి లోతైతే ఐస్‌ను గట్టిగా పట్టుకుంటుంది గానీ జారుడు తగ్గి కాళ్లు త్వరగా పీకుతాయి. రెండు అంచుల్లో ఒకటి ఎత్తైతే మలుపులో కాలు తప్పుతుంది. మీరు బ్లేడు మీద చిన్న స్కేలు అడ్డంగా నిలబెట్టి చూపించిన వాలు కంటికి ఆనిందే! సెలక్షన్‌కి ముందురోజు గాడి మార్చొద్దన్న మాట కుర్రాళ్లందరికీ చెప్పేశాం.