మందు పరీక్షలో పాల్గొన్నవాళ్లకు ఫలితం కూడా చెప్పండి

సంపాదకుల వారికి నమస్కారం.

మా అమ్మకు చాలా ఏళ్లుగా సుగరు. మూడేళ్ల కిందట ఒక బోధనాసుపత్రికి తీసుకెళ్తే, అక్కడ కొత్త సుగర్ మందు మీద పరిశోధన జరుగుతోందని, ఇష్టమైతే చేరవచ్చని డాక్టర్లు చెప్పారు. చేరకపోయినా మీ వైద్యం ఆగదని కూడా అన్నారు. అమ్మ ఒప్పుకుంది. "నాకు కాకపోతే ఇంకొకరికి పనికొస్తుంది కదే" అంది. ఆసుపత్రి పేరు రాయడం లేదు. అక్కడివాళ్లు మమ్మల్ని బాగానే చూసుకున్నారు. నా బాధ వేరే.

సంతకం చేయమని ఇచ్చిన పత్రం పద్నాలుగు పేజీలు. తెలుగులోనే ఉంది. కానీ మొదటి పేజీలోనే "యాదృచ్ఛిక, ద్వంద్వ అంధ అధ్యయనం" అని రాశారు. అమ్మ ఏడో తరగతి దాకా చదువుకుంది, పేపరు రోజూ చదువుతుంది. ఆ మాట మీద వేలు పెట్టి, "అంధ అంటున్నారేంటి, కళ్లకేమైనా అవుతుందా?" అని అడిగింది. సుగరున్న మనిషికి కళ్లు పోతాయేమోనన్న భయం ఎప్పుడూ ఉంటుంది. కోఆర్డినేటర్ అమ్మాయి వచ్చి పక్కన కూర్చుంది. "కాదమ్మా, రెండు రకాల బిళ్లలుంటాయి. ఒకటి మందు, ఇంకోటి చూడ్డానికి అచ్చం అలాగే ఉండే ఉత్త బిళ్ల. మీకేది వచ్చిందో మీకూ తెలీదు, డాక్టరు గారికీ తెలీదు. ముందే తెలిస్తే దాని ప్రభావం లెక్క మీద పడుతుంది" అని రెండు నిమిషాల్లో చెప్పేసింది. అమ్మకు అర్థమైంది, అప్పుడే సంతకం పెట్టింది. ఆ మాటలే కాగితం మీద ఎందుకు రాయకూడదు?

ఏడాదిలో తొమ్మిదిసార్లు వెళ్లాం. పరగడుపున రక్తం ఇవ్వాలి కాబట్టి తెల్లవారుజామున మొదటి బస్సు, సంచిలో టిఫిన్ డబ్బా. చివరిసారి మిగిలిన బిళ్లలు లెక్కపెట్టి తీసుకున్నారు, బస్సు ఛార్జీలు చేతిలో పెట్టారు, "ఇక రానక్కర్లేదమ్మా" అన్నారు. అంతే. ఆ తర్వాత ఒక్క ఫోను లేదు, ఉత్తరం లేదు. "ఇంతకీ నాకిచ్చింది మందా, ఉత్త బిళ్లా? ఆ మందు పనిచేసిందా లేదా?" అని అమ్మ ఇప్పటికీ అడుగుతోంది. ఒకసారి వెళ్లినప్పుడు ఓపీలో అడిగాను. ఆ స్టడీ అయిపోయిందన్నారు. ఆ కోఆర్డినేటర్ అమ్మాయి ఉద్యోగం మారిపోయిందట. మన దేశంలో 2009 జూన్ 15 నుంచి ప్రతి క్లినికల్ ట్రయల్‌నూ, అంటే మనుషుల మీద చేసే ఇలాంటి మందు పరీక్షను, మొదలుపెట్టకముందే భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) రిజిస్ట్రీలో నమోదు చేయాలి. మా అబ్బాయి అందులో వెతికి పట్టుకున్నాడు. అంతా ఇంగ్లీషే. పూర్తయిందని ఉంది, ఏం తేలిందో మాత్రం లేదు.

అమ్మ అడుగుతున్నది గొంతెమ్మ కోరికేం కాదు. వైద్య పరిశోధన ఎలా జరగాలో చెప్పే హెల్సింకి ప్రకటనలో 2013లోనే ఈ మాట రాశారు. పాల్గొన్న ప్రతి ఒక్కరికీ, కావాలంటే ఆ పరిశోధన ఫలితం తెలుసుకునే అవకాశం ఇవ్వాలని. యూరోపియన్ యూనియన్ ఇంకో అడుగు ముందుకేసింది. ట్రయల్ ముగిసిన ఏడాదిలోగా మామూలు జనానికి అర్థమయ్యే భాషలో సారాంశం పెట్టాలని చట్టమే చేసింది, 2022 జనవరి 31 నుంచి అది అమల్లో ఉంది. మనకూ అలాంటి నియమం కావాలి.

మాది ఖమ్మం. ఈ జిల్లావాళ్లకు ఈ విషయం ఇంకా బాగా తగులుతుంది. 2009లో ఇక్కడ దాదాపు 14 వేల మంది ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార కేన్సర్ రాకుండా టీకా ఇచ్చే పరిశోధన చేశారు. చాలామంది గిరిజన పిల్లలు, హాస్టళ్లలో ఉండేవాళ్లు. అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు సంతకాలు చేశారని తర్వాత విచారణలో బయటపడింది. గుజరాత్‌లోనూ ఇదే పరిశోధన జరిగింది. రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారు. ఆ చావులకు టీకా కారణమని తేలలేదు, అది మంచి టీకానే. అయినా 2010 ఏప్రిల్‌లో పరిశోధన ఆపేయాల్సి వచ్చింది. ఇంట్లోవాళ్లకు నోరు విప్పి చెప్పకపోవడం వల్ల పుట్టిన అనుమానం మా ఊళ్లలో ఇప్పటికీ పోలేదు. అమ్మ ట్రయల్లో చేరుతోందంటే మా పిన్ని, "నీ మీద ప్రయోగాలు చేస్తారే అక్కా" అని ఏడ్చినంత పని చేసింది.

పరిశోధన వద్దని నేను అనడం లేదు. కరోనా రోజుల్లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ బ్రిటన్ ప్రభుత్వ ఆసుపత్రుల్లోని రోగుల మీద 'రికవరీ' అనే పేరుతో ట్రయల్ చేసింది. మన ఊళ్లలో ఆర్ఎంపీలు కూడా సంచిలో పెట్టుకు తిరిగే డెక్సామెథసోన్ అనే చవక మందు, వెంటిలేటర్ మీదున్నవాళ్లలో మరణాలను దాదాపు మూడో వంతు తగ్గిస్తుందని తేల్చింది. 2020 జూన్ 16న ఆ ఫలితం లోకానికంతటికీ చెప్పేశారు. ఎంతమంది ప్రాణాలు నిలిచాయో! ఆ పరీక్షకు ఒప్పుకున్న రోగులు లేకపోతే ఆ సంగతి తెలిసేదే కాదు.

మన ఆసుపత్రుల్లో చేయాల్సింది పెద్ద ఖర్చుతో కూడుకున్నది కాదు. క్లినికల్ ట్రయల్స్ మీద 2019లో వచ్చిన నిబంధనల ప్రకారం, ఇలాంటి పరిశోధనలను పరిశీలించి అనుమతిచ్చే ప్రతి ఎథిక్స్ కమిటీలో వైద్యంతో సంబంధం లేని ఒక సామాన్య వ్యక్తి ఉండాలి. తెలుగు పత్రం ఆ మనిషి చేత చదివించండి. అర్థం కాలేదంటే వెనక్కి పంపి మళ్లీ రాయించండి. పత్రం చివర "ఫలితం మీకు తెలియజేయాలా?" అని ఒక గడి పెట్టి, అవునన్నవాళ్ల ఫోన్ నంబరు తీసుకోండి. ట్రయల్ ముగిసి లెక్కలు తేలాక ఎవరికి మందు వచ్చిందో, ఎవరికి ఉత్త బిళ్ల వచ్చిందో ఎలాగూ విప్పి చూస్తారు. అది ఆ మనిషికి చెప్పండి. మందు పనిచేయకపోతే ఆ మాటే చెప్పండి, అమ్మ ఏమీ అనుకోదు.

ఏటా మే 20న క్లినికల్ ట్రయల్స్ దినం జరుపుతారు. 1747లో అదే రోజున జేమ్స్ లిండ్ అనే ఓడ డాక్టరు స్కర్వీ (విటమిన్ సి లోపం వల్ల వచ్చే జబ్బు) వచ్చిన పన్నెండు మంది నావికుల మీద తన పరీక్ష మొదలుపెట్టాడని. ఆ రోజు సెమినార్లతో పాటు, పరిశోధనల్లో పాల్గొన్నవాళ్లను కూడా ఆసుపత్రికి పిలిచి కూర్చోబెట్టి, ఏం తేలిందో తెలుగులో చెప్పాలని వైద్య విశ్వవిద్యాలయాల అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. అమ్మ స్టడీ కార్డు ఇంకా బీరువాలోనే ఉంది. పిలిస్తే మళ్లీ మొదటి బస్సుకే వస్తాం.

- మీ పాఠకురాలు, ఖమ్మం